చెట్టున్న ఇల్లు

నిరుడు మా అబ్బాయి దగ్గరికి జెద్దా వెళ్ళినప్పుడు, అద్దాల మేడలు చూసి చూసి విసుగేసి "ఈ ఊరికి పాతూరు లేదట్రా?" అన్నాను. అల్ బలద్‌కి తీసుకెళ్ళాడు.

ఎర్ర సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్ళతో కట్టిన మేడలవి. రాళ్ళ వరసల మధ్య కర్రదూలాలు. వీధి మీదికి వచ్చిన జాలీ చెక్క కిటికీలను 'రోషన్' అంటారు. లోపలి ఆడవాళ్ళకి వీధి కనిపిస్తుంది, వీధికి వాళ్ళు కనిపించరు. ఆ టేకు చాలామటుకు మన దేశం నుంచీ, జావా నుంచీ ఓడల్లో వెళ్ళిందే.

1881లో పూర్తయిన నసీఫ్ గారింటి ముందు ఆగిపోయాను. వేపచెట్టు! ఒకప్పుడు ఊరంతటికీ అదొక్కటే చెట్టట. 'చెట్టున్న ఇల్లు' అనే పిలిచేవారు. 1925లో అబ్దుల్ అజీజ్ రాజు జెద్దాకి వచ్చి దిగిందీ ఇక్కడే.

1947లో ఊరి ప్రహరీ పడగొట్టారు. కలవాళ్ళు కొత్త పేటలకి తరలిపోయి, పాత ఇళ్ళు వలస కూలీలకి అద్దెకిచ్చారు. అద్దె వచ్చింది గాని మరమ్మతు జరగలేదు. పగడపు రాయి తేమకి గుల్లబారుతుంది. కొన్ని కూలాయి, కొన్ని కాలిపోయాయి. 2014లో యునెస్కో జాబితాకెక్కింది. ఇప్పుడు బాగుచేతలు జోరుగా సాగుతున్నాయి.

బ్యాంకులో తనఖా ఆస్తులకు విలువ కట్టేవాణ్ణి. పాత ఇల్లంటే స్థలానికే లెక్క, ఇంటికి సున్నా. అలాంటి కాగితాల మీద ఎన్ని సంతకాలు పెట్టానో!

తిరిగి వస్తుంటే అబ్బాయి అడిగాడు: "బరంపురంలో తాతగారి పెంకుటిల్లు బేరం ఎంతవరకూ వచ్చింది నాన్నా?"

కారద్దం దించి, వేపచెట్టు ఇంకా కనిపిస్తుందేమోనని వెనక్కి చూశాను.