పైకప్పు కరెంటుకు వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే లెక్క మొదలవ్వాలి

తెలంగాణ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి బహిరంగ లేఖ



నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లిలో 514 ఇళ్లున్నాయి. వాటిలో 480 ఇళ్ల మీద 3 కిలోవాట్ల చొప్పున సోలార్ పలకలు బిగించారు. ప్రభుత్వ భవనాల మీద ఉన్నవి మరో 60 కిలోవాట్లు. అన్నీ కలిపి ఒకటిన్నర మెగావాట్లు. 2025 సెప్టెంబరులో ఊరి వాడకం పోను దాదాపు లక్ష యూనిట్లు గ్రిడ్‌కు వెళ్లాయి. బిల్లు కట్టే ఊరు కరెంటు అమ్ముతోందంటే తెలంగాణ గర్వపడాల్సిన సంగతే.

ఈ మార్పు ఊరూరా రావాలంటే పలకలతో పాటు తీగల సంగతీ చూడాలి. పల్లెల్లో లైన్లు వేసిన కాలంలో కరెంటు సబ్‌స్టేషన్ నుంచి ఇంటికి రావడమే తప్ప ఇంటి నుంచి వెనక్కి పోవడం ఉండేది కాదు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద 30 ఇళ్లు 3 కిలోవాట్ల చొప్పున పెట్టుకుంటే 90 కిలోవాట్లు. మిట్టమధ్యాహ్నం ఇంటిల్లిపాదీ పొలాల్లో ఉంటారు, ఇళ్లలో వాడకం తక్కువ. మిగిలిన కరెంటు తీగల మీదుగా వెనక్కి నడుస్తుంది, లైను చివర వోల్టేజీ పెరుగుతుంది. అది హద్దు దాటితే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అప్పు చేసి పలకలు పెట్టించుకున్న చివరి ఇంటివారికి, ఎండ మండుతున్న వేళలోనే ఉత్పత్తి సున్నా. సింగిల్ ఫేజ్ కనెక్షన్లన్నీ ఒకే ఫేజ్ మీద పడితే ఈ ఇబ్బంది ఇంకా ముందే మొదలవుతుంది.

2024 ఫిబ్రవరిలో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. 10 కిలోవాట్ల లోపు పైకప్పు సోలార్‌కు సాంకేతిక పరిశీలన అక్కర్లేదంది. 5 కిలోవాట్ల దాకా లైన్ల బలోపేతం ఖర్చును విద్యుత్ పంపిణీ సంస్థలే (డిస్కంలే) భరించాలంది. రెండూ సామాన్యుడికి మేలు చేసేవే. అయితే ఒక్కో దరఖాస్తుకు పరిశీలన లేనప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే మొత్తం భారాన్ని ఎవరో ఒకరు చూడాలి. ఆ బాధ్యతను డిస్కంలకు అప్పగించగలిగేది మండలే.

ముందుచూపు లేకపోతే ఏమవుతుందో జర్మనీ చూసింది. అక్కడి ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటగానే ఒక్కసారిగా ఆగిపోయేలా అమర్చి ఉండేవి. అవన్నీ ఒకేసారి ఆగితే గ్రిడ్డే కూలే ప్రమాదం. 2012లో చట్టబద్ధమైన ఆదేశమిచ్చి సుమారు 3 లక్షల ప్లాంట్లలో అమరికలు మార్చాల్సి వచ్చింది. బిగించే రోజునే సరిచేసుకుంటే ఆ ఖర్చు ఉండేది కాదు.

దక్షిణ ఆస్ట్రేలియాది మరో దారి. అక్కడి పంపిణీ సంస్థ ఇంటి యజమానికి రెండు మార్గాలిస్తుంది. ఎప్పుడూ ఫేజ్‌కు 1.5 కిలోవాట్లకు మించి గ్రిడ్‌కు పంపకపోవడం ఒకటి. లైను ఖాళీని బట్టి మారుతూ ఫేజ్‌కు 10 కిలోవాట్ల దాకా పంపుకోవడం రెండోది. కొత్త ఇళ్లకు తలుపు మూయకుండా, ఉన్న తీగలనే పూర్తిగా వాడుకునే పద్ధతి ఇది.

తెలంగాణకు వేరే బలం ఉంది. రాష్ట్రంలో వ్యవసాయ పంపుసెట్లు 25 లక్షలకు పైనే. 2018 జనవరి 1 నుంచి వాటికి 24 గంటల ఉచిత కరెంటు అందుతోంది. రాత్రిపూట కరెంటు కోసం కాచుకునే రోజులు పోయాయి గనుక, రైతు మధ్యాహ్నం నీరు పెట్టుకుంటే ఊళ్లో మిగిలిన సోలార్ కరెంటు ఆ పరిసరాల్లోనే ఖర్చవుతుంది. కరెంటు రాగానే పంపును తనంతట తానే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని అప్పట్లో విద్యుత్ సిబ్బంది రైతులకు చెప్పారు. మధ్యాహ్నమే నీరు పెట్టుకోమనీ అలాగే చెప్పాలి.

మండలి చేయాల్సినవి నాలుగు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని కిలోవాట్ల సోలార్ ఉందో, ఇంకెంత పడుతుందో డిస్కంలు అందరికీ కనిపించేలా ప్రకటించాలి. ఇన్వర్టర్ల వోల్టేజీ అమరికలకూ, ఫేజ్‌ల సర్దుబాటుకూ ఒకే ప్రమాణం ఉండాలి. సోలార్ ఎక్కువైన సబ్‌స్టేషన్ల దగ్గర మిగులు కరెంటును దాచే బ్యాటరీ పెట్టే ఖర్చును డిస్కంల పెట్టుబడి ప్రణాళికలో ఆమోదించాలి. వోల్టేజీ వల్ల ఉత్పత్తి ఆగిన ఇళ్ల ఫిర్యాదులకు గడువు విధించి, అది దాటితే పరిహారం ఇప్పించాలి.

రానున్న టారిఫ్ విచారణలోనే ఈ నాలుగింటినీ డిస్కంల ముందుంచి, జవాబు రాబట్టాలని మండలికి విన్నపం.