చెట్టుకి వకాల్తా ఎవరిస్తారు?

ఫిల్మ్ నగర్‌లో పోయినవాళ్ళని గుర్తుపెట్టుకోవడానికి కొదవ లేదు. రఘుపతి వెంకయ్య పేరు మీద అవార్డుంది, అక్కినేని పేరు మీద ఉంది, ఇప్పుడు గద్దర్ పేరు మీద ప్రభుత్వమే ఇస్తోంది. ఇక సంస్మరణ సభలు, స్మారక పురస్కారాలు, శాలువాలు, జ్ఞాపికలు... వారానికి ఒక్కటైనా ఫ్లెక్సీ కనబడుతుంది. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. మనిషి పేరు పదికాలాలు నిలవాలనుకోవడం మంచి కోరికే.

నేను చెప్పబోయేది ఇంకో రకం స్మారకం గురించి. మా పిన్ని కూతురు లా చదువుతోంది, నాలుగో ఏడాది. ఆ మధ్య ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒక వ్యాసపోటీకి రాస్తున్నా, ఫుట్‌నోట్లు వరస తప్పుతున్నాయి, కాస్త సరిచేసి పెడతావా?" అంది. సాఫ్ట్‌వేర్ వాడంటే చుట్టాలందరికీ ప్రింటర్ రిపేర్ నుంచి ఫుట్‌నోట్ల దాకా ఉచిత సేవ. సరే పంపమన్నా. నలభై పేజీలు, నూట పది ఫుట్‌నోట్లు. పర్యావరణ చట్టం మీద. అది మన లా కాలేజీల్లో తప్పనిసరి సబ్జెక్టని అప్పుడే తెలిసింది.

"గెలిస్తే ఎంతిస్తారే?" అనడిగా. "డబ్బు సంగతి పక్కన పెట్టు. నేను రాసింది చదవాల్సినవాళ్ళు చదువుతారు, అది కావాలి" అంది.

ఇలాంటి పోటీలు బయటి దేశాల్లో చాలాకాలంగా ఉన్నాయట. అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన స్విత్లానా క్రావ్‌చెంకో అనే ఉక్రెయిన్ ఆవిడ 2012లో చనిపోయారు. పర్యావరణ హక్కుల కోసం పనిచేసిన మనిషి. ఆవిడ పేరు మీద లా విద్యార్థులకి వ్యాసపోటీ పెట్టారు. విగ్రహం కాదు, వీధి పేరు కాదు. ఒక కుర్రాడో అమ్మాయో రాత్రంతా కూర్చుని రాసిన కాగితాలు. ఇది భలే స్మారకం అనిపించింది నాకు.

విద్యార్థులు రాసిన వ్యాసంతో చెట్టు నిలుస్తుందా అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగా. దానికి మా చెల్లి చెప్పిన కథ వినండి, మన ఫిల్మ్ నగర్ వాళ్ళకి బాగా నచ్చే కథ. అందులో డిస్నీ కూడా ఉంది మరి.

కాలిఫోర్నియాలో మినరల్ కింగ్ అని ఒక కొండలోయ. 1960ల్లో అక్కడ డిస్నీ కంపెనీ పెద్ద స్కీయింగ్ రిసార్ట్ కట్టాలనుకుంది. సియెర్రా క్లబ్ అనే ప్రకృతి ప్రేమికుల సంఘం కోర్టుకెళ్ళింది. అప్పీలు కోర్టు అడ్డం తిరిగింది: "లోయ పోతే మీకేం నష్టం? మీకు కేసు వేసే అర్హత ఎక్కడిది?" సరిగ్గా అదే రోజుల్లో లాస్ ఏంజెలిస్‌లో, అంటే హాలీవుడ్ పక్కనే, క్రిస్టఫర్ స్టోన్ అనే లా ప్రొఫెసర్ క్లాసులో మాటవరసకి ఒక ప్రశ్న వదిలాడు. కంపెనీకి ప్రాణం లేదు, అయినా కోర్టుకెళ్తుంది. ఓడకి ప్రాణం లేదు, దాని పేరు మీదా కేసులు నడుస్తాయి. మరి చెట్టు ఎందుకు వెళ్ళకూడదు? పిల్లలు గోల చేశారు. ఆయన మాత్రం దాన్ని వదలకుండా వ్యాసంగా రాసేశాడు. అచ్చేసింది వాళ్ళ యూనివర్సిటీ లా పత్రిక. ఆ పత్రికని నడిపేది విద్యార్థులే. ఆ సంచికకి ముందుమాట రాయాల్సింది సుప్రీంకోర్టు జడ్జి డగ్లస్. కాబట్టి వ్యాసం ఆయన కంట పడక తప్పదు. అదీ ప్లాను.

1972 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది. నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. లోయ ఓడిపోయింది. కానీ డగ్లస్ తన భిన్నాభిప్రాయంలో స్టోన్ వ్యాసాన్ని ఉదహరించి, లోయ పేరు మీదే కేసు నడవాలన్నాడు. కేసు ఓడినా రిసార్ట్ రాలేదు. 1978లో ఆ లోయని సెకోయా జాతీయ పార్కులో కలిపేశారు. డిస్నీ సినిమా అంటే ఇదీ, క్లైమాక్స్‌లో డిస్నీయే లేదు!

సరే, అక్కడి లోయ సంగతి అది. మన జూబ్లీహిల్స్‌లో కూడా ఒక జాతీయ పార్కుంది. కేబీఆర్ పార్కు. పొద్దున్నే హీరోలు, మంత్రులు, మాలాంటి నడుం నొప్పి ఐటీ జనాలు ఒకే దారిలో నడిచే చోటు ఊళ్ళో అదొక్కటే. 350 ఎకరాలకు పైనే ఉంటుంది, 1998లో జాతీయ పార్కు హోదా ఇచ్చారు. 2016లో దాని చుట్టూ ఫ్లైఓవర్లు వేస్తామని చెట్లకి నంబర్లేస్తే, నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ చెన్నై బెంచి ఆపమంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ట్రైబ్యునల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? దాని మూలాల్లో ఒకటి మన ఊళ్ళోనే ఉంది. ఇది తెలిశాక రెండు రోజులు ఆఫీసులో కనబడ్డవాళ్ళకల్లా చెప్పి విసిగించా.

1908 మూసీ వరదల తర్వాత ఊరిని కాపాడటానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు కదా. తర్వాత హైదరాబాద్ తాగింది ఆ నీళ్ళే. వాటి పరీవాహకంలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని 1996 మార్చిలో జీవో 111 ఇచ్చారు. అయినా శంషాబాద్ దగ్గర ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టడానికి ఒక కంపెనీ వచ్చింది. పొల్యూషన్ బోర్డు కుదరదంది. అప్పీలులో కంపెనీ గెలిచింది, హైకోర్టులోనూ గెలిచింది. బోర్డు సుప్రీంకోర్టుకెళ్ళింది. అదే ఎ.పి. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు. దేశంలో పర్యావరణ చట్టం చదివే పిల్లలందరూ ఈ పేరు బట్టీ పడతారు. ఆ నీళ్ళు తాగిన మనకి మాత్రం తెలీదు.

1999 జనవరి 27న తీర్పు రాసింది తెలుగాయన, జస్టిస్ ఎం. జగన్నాధరావు. అందులో నాకు నచ్చిన పాయింట్లు రెండు. ఒకటి, ఫ్యాక్టరీతో ప్రమాదం ఉందని జనం రుజువు చేయక్కర్లేదు, ప్రమాదం లేదని కంపెనీవాడే రుజువు చేయాలి. మా భాషలో చెప్పాలంటే, బగ్ ఉందని యూజర్ చూపించేదాకా ఆగకూడదు, లేదని టెస్ట్ చేశాకే రిలీజ్ చేయాలి. (మా రంగంలో దీన్ని ఎంతమంది పాటిస్తారో అడక్కండి.) రెండు, జడ్జీలకి రసాయన శాస్త్రం రాదు, కాబట్టి ఇలాంటి కేసులు వినే చోట శాస్త్రవేత్తలు కూడా కూర్చోవాలి. 2000 డిసెంబరులో రెండో తీర్పుతో ఫ్యాక్టరీ కథ ముగిసింది. ఆ తర్వాత జగన్నాధరావే లా కమిషన్ ఛైర్మన్‌గా 2003లో 186వ నివేదిక ఇచ్చారు, పర్యావరణ కోర్టులు పెట్టాలని. 2010లో గ్రీన్ ట్రైబ్యునల్ చట్టం వచ్చింది. అంటే గండిపేట నీళ్ళ కోసం రాసిన మాటలు పదిహేడేళ్ళు తిరిగి తిరిగి కేబీఆర్ పార్కు చెట్ల దగ్గరికి చేరాయి.

అన్నీ గెలుపులే అనుకోకండి. 2020లో కేంద్రం ఈ పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతాన్ని ఖరారు చేసింది. కొన్నిచోట్ల దాని వెడల్పు 3 మీటర్లు. మా అపార్ట్‌మెంట్‌లో కారు పార్కింగ్ స్థలం అంతకన్నా పొడవు. 2022లో జీవో 69 వచ్చి, ఆ 84 గ్రామాల మీద ఆంక్షలు ఎత్తేస్తామంది. పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల ప్లాను మళ్ళీ ముందుకొచ్చింది. 2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగితే, ముందు రోడ్డెక్కింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. వీడియోలు మనందరం షేర్ చేశాం. కానీ కోర్టులో నిలబడేది వీడియో ఒక్కటే కాదు, ఎవరో ఓపిగ్గా పాత జీవోలు, మ్యాపులు, తీర్పులు వెతికి రాసిన కాగితం కూడా.

ఆ కాగితం రాయడం ఎక్కడ నేర్చుకుంటారు? మూట్ కోర్టులో మాట్లాడటం నేర్పుతారు, కార్పొరేట్ ఆఫీసులో కాంట్రాక్టులు నేర్పుతారు. మా చెల్లి క్లాసులో ఎక్కువమంది చూపు అటే, జీతాలు అక్కడే మరి. వాళ్ళని తప్పు పట్టే మొహం నాకు లేదు, నేను చేస్తున్నదీ జీతానికే. కానీ ఒక బహుమతి ఉంటే, ఏడాదికి యాభై మంది ఒక్క నెలైనా చెరువుల గురించి చదువుతారు. అందులో ఒక్కరు ఆ దారిలో ఉండిపోయినా చాలు.

అందుకే జూబ్లీహిల్స్ పెద్దలకి నా మనవి. ఒక సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో పూలకయ్యే ఖర్చుతో ఇలాంటి బహుమతి చాలా ఏళ్ళు నడుస్తుంది. నాన్నగారి పేరో తాతగారి పేరో పెట్టండి. షరతులు రెండే. తెలుగులో కూడా రాయనివ్వాలి, ఎందుకంటే ఆ 84 గ్రామాల్లో చదివేది తెలుగే. ఇంకోటి, రాసినవాళ్ళు ఆ చెరువు గట్టు మీదికో బండరాళ్ళ దగ్గరికో ఒక్కసారైనా వెళ్ళి రావాలి.

మొదటి ఏడాది అంశం నేనిస్తా: "జాతీయ పార్కు చుట్టూ 3 మీటర్లు అంటే ఎంత?" మూడు వేల మాటలు దాటకూడదు. ఫుట్‌నోట్లు లెక్కలోకి రావు.