భయమా? భూమా?

ఏప్రిల్ 20 అంటే మనకు ఇంద్రవెల్లి. 1981లో ఆ రోజు సోమవారం, సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం పిలిచిన సభకు భూమి పట్టాలు అడగడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. పౌర హక్కుల వాళ్ల లెక్క 60కి పైనే.

అమెరికా వాళ్లకూ ఒక ఏప్రిల్ 20 ఉంది. 1999లో కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి పిల్లల్ని, ఒక టీచర్ని కాల్చి చంపారు. దాన్ని పట్టుకుని మైకేల్ మూర్ 2002లో తీసిన డాక్యుమెంటరీ ‘బౌలింగ్ ఫర్ కొలంబైన్’. ఆస్కార్ కూడా వచ్చింది. మొన్న శింగనమల దగ్గర ఒక సుగాలి తండాలో గోడకు తెల్ల దుప్పటి కట్టి ఈ సినిమా వేశాం. ఇంగ్లీషు మాటలు నేను తెలుగులో చెప్తూ పోయాను.

ముందు మంచి చెప్తాను. తుపాకీ సినిమాలు మనకు కొత్త కాదు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ ఆఫీసు దగ్గరే పరిటాల రవిని కాల్చి చంపారు. ఆ పగల మీద ‘రక్త చరిత్ర’ వచ్చింది. మన ఫ్యాక్షన్ సినిమా ఎప్పుడూ ఎవరు ఎవర్ని చంపారనే చూపిస్తుంది, చంపినోడికి మీసం దువ్వుతుంది. మూర్ అట్లా చేయలేదు. ఇంత మంది ఎందుకు చస్తున్నారని అడిగాడు. ఖాతా తెరిస్తే తుపాకీ ఇచ్చే బ్యాంకు చూపించినప్పుడు తండాలో ఒకటే నవ్వులు. ‘మా బ్యాంకులో పంట లోను అడిగితే కుర్చీ కూడా ఇయ్యరు కదప్పా’ అన్నాడొక పెద్దాయన.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. కొలంబైన్‌లో తూటాలు తగిలిన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని మూర్ కేమార్ట్ కంపెనీ ఆఫీసుకు పోతాడు. ఆ తూటాలు అమ్మింది ఆ కంపెనీ దుకాణాలే. చివరికి 90 రోజుల్లో పిస్తోలు తూటాల అమ్మకం ఆపేస్తామని కంపెనీ ఒప్పుకుంటుంది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని సాధించుకోవడం అంటే ఏందో మనవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

తప్పులున్నాయి. తుపాకీ సంఘం అధ్యక్షుడు చార్ల్‌టన్ హెస్టన్ వేరే సభలో తుపాకీ ఎత్తిన దృశ్యాన్ని తెచ్చి కొలంబైన్ వెనకాలే అతికించాడు మూర్. చూసేవాళ్లకు అదంతా ఒక్కచోటే జరిగినట్టు ఉంటుంది. నిజం మన పక్కనే ఉన్నప్పుడు ఈ అతుకులెందుకు? పట్టుబడితే పోయేది మన మాట మీద నమ్మకమే.

కానీ నా అసలు తగాదా నడుమ వచ్చే కార్టూన్‌తో. అమెరికా చరిత్రంతా నాలుగు ముక్కల్లో చెప్తుందది. తెల్లవాళ్లు ఓడ దిగారు, అక్కడి ఆదివాసుల్ని చూసి భయపడ్డారు, అందర్నీ చంపేశారు. అంతే, కథ ముందుకు పోతుంది. పిల్లలు నవ్వారు. ఆ పెద్దాయన మాత్రం, ‘భయపడినోడు ఓడెక్కి వెనక్కి పోతాడు కానీ, ఆడే కాపురం పెడతాడా?’ అన్నాడు.

అదండీ సంగతి. సినిమా భయం దగ్గర ఆగిపోయింది. భయం లేదని నేననను. 2017లో కాన్సాస్‌లో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చినవాడు నా దేశం వదిలి పొమ్మని అరిచాడు. అక్కడ మూర్ మాట సరిపోతుంది. ఇంద్రవెల్లికి సరిపోదు. ఆదివాసి భూమి చేతులు మారకూడదని 1/70 చట్టం వచ్చి అప్పటికి పదకొండేళ్లు. (మన అనంతపురం షెడ్యూల్డ్ ఏరియా కాదు, మనకు ఆ చట్టం కూడా లేదు.) అయినా గోండుల భూములు పోతూనే ఉన్నాయి. వాటిని అడగడానికే వాళ్లు వచ్చింది. ముందు భూమి తీసుకుంటారు, తిరిగి అడుగుతారేమోనని తర్వాత భయపడతారు. మూర్ ఆ రెండోదాన్నే పట్టుకున్నాడు.

అయినా చూడమనే చెప్తాను. మీ ఊర్లో కూడా వేయండి. కార్టూన్ అయిపోగానే ఒక్క నిమిషం ఆపి, ఓడ దిగినోళ్లు ఎందుకు చంపారని మీ పెద్దవాళ్లను అడగండి. వాళ్లేమన్నారో కింద రాయండి.