ఆరని ఎపాక్సీ – చేతుల మీద దద్దుర్లు

ప్రశ్న: వంటింటి గట్టుకూ సింకుకూ మధ్య సందు పడి నీళ్ళు కారుతుంటే, మావారు ఎపాక్సీ తెచ్చి రెండు డబ్బాల్లోదీ కలిపి పూశారు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ కాస్త ఎక్కువే వేశారు. నాలుగు రోజులైనా బంకగానే ఉంది. చివరికి నేను థిన్నరు పోసి, గుడ్డతో కొంతవరకు తుడిచాను. చేతులకు అంటినదాన్ని కూడా థిన్నరుతోనే కడుక్కున్నాను. రెండో రోజుకి వేళ్ళ సందుల్లో ఎర్రగా దద్దుర్లు, నీటి పొక్కులు, భరించలేని దురద. కనురెప్పలు కూడా వాచాయి. మా అమ్మాయి రెసిన్‌తో కీచైన్లు చేస్తుంటే ఏడాదిగా సాయపడుతున్నాను, ఎన్నడూ ఏమీ కాలేదు. ఇది పిల్లలకు అంటుకుంటుందా? మిగిలిన బంకను వదిలించడం ఎలా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ముందుగా మీ భయం తీరుస్తాను. ఇది అంటువ్యాధి కాదు. మీ పొక్కుల నుంచి పిల్లలకు రాదు. అయితే ఆ బంక అంటిన గుడ్డనో కుళాయినో పిల్లలు పట్టుకుంటే వాళ్ళ చర్మానికీ హాని కలగవచ్చు. పిల్లలను దూరంగా ఉంచవలసింది ఆ బంకకే గాని మీ చేతులకు కాదు.

పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీతో చర్మానికి దాదాపు భయం లేదు. ప్రమాదమంతా గట్టిపడని దానితోనే. అది ఎందుకు గట్టిపడలేదో కూడా తెలుసుకోవాలి. చాలామంది హార్డెనర్‌ను పాలలో వేసే తోడు లాంటిదనుకుంటారు. తోడు కాస్త ఎక్కువైతే పెరుగు త్వరగా తోడుకుంటుంది. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. రెసిన్, హార్డెనర్ ఒకదానితో ఒకటి జతకట్టి గట్టిపడతాయి. ఏది ఎక్కువైనా ఆ మిగులు జత దొరక్క జిగటగా ఉండిపోతుంది. సరిగా కలపకపోయినా ఇంతే. కొలత సరిగా ఉండి, చలివల్ల మాత్రమే ఆలస్యమైతే కాస్త వెచ్చదనం తగిలితే గట్టిపడుతుంది. కొలత తప్పినదానికి ఎన్నాళ్ళు ఆగినా లాభం లేదు. పైన ఇంకాస్త హార్డెనర్ పూయడం వల్ల ప్రయోజనం అసలే లేదు. గీకి తీసివేయవలసిందే.

ఇక మీ చేతుల సంగతి. ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయరాదు గాని, మీకు రెండు రకాల హాని జరిగి ఉండవచ్చు. మొదటిది, థిన్నరూ హార్డెనరూ చర్మాన్ని మండించడం. ఇది కొద్ది రోజుల్లో తగ్గుతుంది. రెండవది ఎలర్జీ. కనురెప్పల వాపు చూస్తే దీని మీదే అనుమానం ఎక్కువ. చేతులతో రెప్పలు తాకినా, ఆవిరి తగిలినా అలా వాస్తాయి. ఏడాదిగా ఏమీ కాలేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఎలర్జీ తొలిసారే బయటపడదు. శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి కొందరికి వారాలు, కొందరికి ఏళ్ళు పడుతుంది. ఒకసారి గుర్తుపెట్టుకుంటే సాధారణంగా జీవితాంతం మరచిపోదు. తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు లేస్తాయి. గ్రానైటు పని, టైల్సు పని చేసేవారికి ఇలా జరిగితే జీవనోపాధికే ముప్పు.

థిన్నరు మీకు రెండు విధాల చెరుపు చేసింది. చర్మం మీది సహజమైన చమురును తుడిచేసింది. బంకను పలుచన చేసి చేతులంతా పులిమింది. చర్మానికి ఎపాక్సీ అంటితే థిన్నరు, కిర్సనాయిలు, పెట్రోలు వాడకూడదు. ముందు పొడిగుడ్డతోనో కాగితంతోనో అద్ది తీసి, సబ్బుతో గోరువెచ్చని నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడగండి. కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు నీళ్ళధారతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లలు మింగితే వాంతి చేయించవద్దు. నోరు పుక్కిలింపించి, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మిగిలిన బంకను మీరు ముట్టుకోవద్దు. ఆ పని మావారికి అప్పగించానని రాస్తే సంతోషిస్తాను. వారు చేయవలసినది ఇది:

1. కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, సిలిండరు కట్టివేయాలి. నిండు చేతుల చొక్కా వేసుకుని, నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. పలుచని రబ్బరు తొడుగులు, నూలు తొడుగులు చాలవు.

2. పాత ప్లాస్టిక్ కార్డుతో వీలైనంత గీకి, కాగితంలోకి తీయాలి. సగం ఆరినదాన్ని గరుకు కాగితంతో రుద్దకూడదు. ఆ దుమ్ము ముక్కులోకి, ఒంటి మీదకి చేరుతుంది.

3. చివర మిగిలిన జిడ్డును మాత్రం గుడ్డకు కొద్దిగా అసిటోన్ అద్ది తుడవాలి. గట్టు మీద పోయకూడదు. దాని ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకి నిప్పు అంటుకుంటుంది. తొడుగులు దానితో తడిస్తే వెంటనే మార్చాలి.

4. తుడిచిన గుడ్డలను ఆరుబయట, నిప్పుకు దూరంగా ఆరనిచ్చి కవరులో కట్టి పారేయాలి. మిగతా బట్టలతో ఉతకరాదు, కాల్చరాదు. మిగిలిన రెసిన్‌ను సింకులో పోయరాదు.

తర్వాత గట్టును సబ్బునీళ్ళతో కడగండి. జిగట పూర్తిగా పోయేవరకు అక్కడ కూరలు తరగవద్దు, చపాతీలు ఒత్తవద్దు.

మందుల షాపులో గజ్జికీ తామరకూ కలిపి అమ్మే ఆయింట్‌మెంట్ కొనకండి. ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోండి. వెళ్ళేటప్పుడు డబ్బాల మీది పేర్లు రాసుకుని వెళ్ళండి. దద్దుర్లు తగ్గాక ప్యాచ్ పరీక్ష చేయించుకోవచ్చు. అనుమానమున్న పదార్థాలను వీపు మీద పట్టీలలో అంటించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులాగి మళ్ళీ చూస్తారు. ఎలర్జీ దేనికో అందులో తేలుతుంది.

అంతవరకు మీ అమ్మాయి కీచైన్ల పనికి దూరంగా ఉండండి. అమ్మాయికి కూడా తొడుగులు కొనివ్వండి. ఆమెకు ఇంతవరకు ఏమీ కాకపోవడం మంచిదే. ఇకముందూ కాకుండా చూసుకోవడం ఇంకా మంచిది.