కోత డాక్టరుది, కాపలా మనది

ఈ వారం పాడి గేదె గురించో, పత్తి పురుగు గురించో కాదు, మీ ఇంట్లో బస్తాల మధ్య తిరిగే పిల్లి గురించి రాస్తున్నాను. నవ్వకండి. విత్తనానికి దాచుకున్న వేరుశనగ కాయల్ని, తిండికి పెట్టుకున్న వడ్లని ఎలుకల నుంచి కాపాడేది అదే. జీతం అడగని కాపలాదారు.

అయితే అది ఏడాదికి రెండు మూడు సార్లు పిల్లలు పెడుతుంది. ప్రతిసారీ మూడు నాలుగు. ఇన్నింటిని సాకలేక సంచిలో వేసి ఊరవతల వదిలి వచ్చేవాళ్లు మనలోనే ఉన్నారు. అది ఇష్టంలేక కొందరు రైతులు ఆడపిల్లిని పశువైద్యశాలకు తీసుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నారు. మంచి పని. కాని ఆపరేషన్ అయిపోగానే పని అయిపోయిందనుకుంటున్నారు. సగమే అయింది. మిగతా సగం ఇంటి దగ్గర, పది రోజులు మన చేతుల్లో ఉంటుంది.

ఈ మాట నాకు ఒక తప్పు చేశాక తెలిసింది.

కొన్నేళ్ల కిందట ఒక ఊరి నుంచి కబురొచ్చింది. ఆపరేషన్ చేయించిన పిల్లి మూడో రోజుకే చచ్చిపోయిందట. వెళ్లాను. ఇంటాయన మండిపడుతున్నాడు. "చక్కగా ఎలుకలు పట్టుకునేదాన్ని తీసుకుపోయి చంపి పంపించారు సార్" అన్నాడు. విన్నది విన్నట్టు నాలుగు వాక్యాలు రాసి పంపాను. ఆపరేషన్ వికటించి పిల్లి మృతి అని అచ్చయింది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల పిల్లికి ఆపరేషన్ అంటేనే జనం భయపడ్డారు.

కొన్ని నెలలకు వేరే పని మీద మళ్లీ ఆ ఇంటికే వెళ్లాను. ఇంటావిడ టీ ఇచ్చి, తనే ఎత్తింది ఆ మాట. "రాత్రి అది మూలుగుతుంటే చూడలేకపోయానన్నా. జ్వరం బిళ్ల సగం నూరి పాలల్లో కలిపి పోశాను. తెల్లారేసరికి మూతి వాచింది, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగాయి, ఎగశ్వాస పట్టింది. మా పిల్లలకూ అదే బిళ్ల వేస్తాను కదా!"

తెలిసిన పశువైద్యుణ్ని అడిగాను. జ్వరం బిళ్ల అంటే పారాసెటమాల్. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదట. నెత్తురు పాడైపోతుంది. మనకు నొప్పి తగ్గించే ఒక్క బిళ్ల పిల్లికి ప్రాణం తీసే విషం. ఆవిడ చెప్పిన లక్షణాలన్నీ ఆ విషం లక్షణాలే. ఇందులో ఆవిడ తప్పు లేదు, ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఏ మందు పోశారని ఒక్క ప్రశ్న అడక్కుండా వార్త రాసిన తప్పు మాత్రం నాది. ఈ నాలుగు మాటలు ఆ బాకీ తీర్చుకోవడానికే.

ముందే చెప్పాల్సిన మాట

ఈ మధ్య వారాల్లో పొలంలో గాని, ఇంట్లో గాని ఎలుకలకు బ్రోమోడయోలోన్ పెట్టి ఉంటే, కోత కోయకముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తింటే, పిల్లి నెత్తురు కూడా సరిగా గడ్డకట్టకుండా పోవచ్చు. అలాంటి పిల్లిని కోస్తే రక్తం ఆగదు. విరుగుడుగా విటమిన్ కె1 ఉంది. కాని మనం చెబితేనే కదా వాళ్లకు తెలిసేది.

ఏది మామూలు, ఏది ప్రమాదం

ఆపరేషన్లో కడుపు కోసి గర్భసంచిని, అండాశయాల్ని తీసేస్తారు. లోపలి కండను ఒకసారి, పైన చర్మాన్ని ఒకసారి కుడతారు. మనకు కనబడేవి పై కుట్లే.

మొదటి రాత్రి మత్తు వల్ల ఒళ్లు చల్లబడుతుంది. గాలి తగలని గదిలో గోనెపట్టా మీద పాత చీర పరిచి పడుకోబెట్టండి. అటక ఎక్కనివ్వకండి. మత్తు పూర్తిగా దిగకముందే నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేచి నిలకడగా నడిచాక నీళ్లు పెట్టి, కొంచెం ఉడికిన చేపో గుడ్డో పెట్టండి. మొదటి రోజు మగతగా ఉండటం, కుట్ల దగ్గర కాస్త ఎరుపు, కొద్దిపాటి వాపు మామూలే. పిల్లి ఒళ్లు మన ఒంటికంటే వేడిగానే ఉంటుంది. 101, 102 డిగ్రీలు దానికి జ్వరం కాదు.

ఇక ప్రమాదం ఎప్పుడంటే:

చిగుళ్లు తెల్లగా పాలిపోయి, కాళ్లు చల్లబడి, కడుపు ఉబ్బితే లోపల నెత్తురు కారుతోందని అనుమానించాలి. ఇది ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. తెల్లారనీ అని ఆగకండి.

కుట్లు విడిపోయినా, కుట్ల కింద ఉన్నట్టుండి బుడిపె లేచినా లోపలి కుట్టు తెగి ఉండవచ్చు. పేగు బయటికి వస్తే లోపలికి నెట్టొద్దు. సెలైన్‌తో గాని, కాచి చల్లార్చిన నీళ్లతో గాని తడిపిన శుభ్రమైన గుడ్డ చుట్టి, అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి.

చీము, చెడు వాసన, 103 డిగ్రీలు దాటిన జ్వరం ఉంటే గాయం చెడింది. ఒక రోజు గడిచినా తిండి ముట్టకపోయినా, మూత్రం పోయకపోయినా, పదే పదే కక్కుతున్నా చూపించాలి. పిల్లి వరసగా రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయం దెబ్బతింటుంది.

కుట్ల దగ్గర మెత్తగా, నొప్పి లేకుండా నీరు చేరితే చాలావరకు అదే తగ్గిపోతుంది. ఒకసారి డాక్టరుకు చూపించండి. సూదితో మాత్రం పొడవకండి. నెలల తర్వాత పిల్లి మళ్లీ ఎదకొచ్చి అరుస్తుంటే అండాశయం ముక్క లోపల మిగిలి ఉండవచ్చు. అప్పుడూ డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

కొట్టంలో మందు పిల్లికి వద్దు

పిల్లి నాలుక ఆకురాయిలా ఉంటుంది. గాయాన్ని నాకి నాకి కుట్లు ఊడదీస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్మును గరాటులా చుట్టి, అంచులకు టేపు వేసి మెడకు కట్టండి. తిండి తినడానికి వీలుండాలి. లేదంటే పాత బనీను ముక్కకు కాళ్లు దూరేలా చిల్లులు పెట్టి తొడగండి. కుట్లు విప్పే దాకా, అంటే 10 నుంచి 14 రోజులు, అలాగే ఉంచాలి.

నాకే అలవాటు వల్లే ఇంకో ప్రమాదం ఉంది. పిల్లి ఒంటి మీద రాసింది నోట్లో పోసినట్టే. గేదెకు పుండులో పురుగులు పడితే టర్పెంటైన్ పోస్తాం, కలరా ఉండలు నూరి పెడతాం. పిడుదులకు డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ పూస్తాం. కొట్టం గూట్లో ఉన్నాయి కదా అని వాటినే తీసి పిల్లికి రాస్తే వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది. ఫినాయిల్, డెట్టాల్ కూడా దానికి పడవు. పసుపు, సున్నం పట్టు వేస్తే కింద చీము పడుతున్నా కనపడదు. గాయం పొడిగా ఉండాలి, ఈగ వాలకూడదు. డాక్టరు రాసిన మందు తప్ప ఇంకేదీ పెట్టకండి. ఇంట్లో బిళ్ల అసలే వద్దు. నొప్పికి పిల్లికి వేరే మందులున్నాయి, అడిగితే ఇస్తారు.

పిల్లి కోసం మళ్లీ బస్సు ఛార్జీనా, అరపూట కూలి పోగొట్టుకోవాలా అని మీరనొచ్చు. ఎలుకలు కొట్టేసిన ఒక విత్తనాల మూట ధర లెక్కేసుకోండి. దాన్నీ పక్కన పెడితే, ఆ పిల్లి తనంతట తాను ఆపరేషన్‌కు పోలేదు. మన అవసరానికి మనమే మోసుకెళ్లాం. మోసుకెళ్లిన వాళ్లమే చివరిదాకా చూడాలి.

పశువైద్యశాలల వాళ్లకూ ఒక మాట. ఆపరేషన్ చేసిన రోజున రైతు చేతికి తెలుగులో ఒక చీటీ రాసివ్వండి. జ్వరం బిళ్ల వేయొద్దు, ఫలానా లక్షణం కనిపిస్తే వెంటనే తీసుకురండి అని నాలుగు ముక్కలు చాలు. గబగబా నోటితో చెప్పింది బస్టాండుకు చేరేసరికి మరిచిపోతాం. ఆ రోజు ఆవిడ దగ్గర అలాంటి చీటీ ఒకటి ఉండి ఉంటే ఆ పిల్లి బతికేది, నేను ఆ తప్పు వార్త రాసేవాణ్నీ కాదు.