చేప పట్టిందెవరు? ధర కట్టిందెవరు?

మా కూలీ సంఘం మీటింగుల్లో ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తూంటుంది. "పడవ ఉన్నవాడు యజమానే గదా, వాళ్ల గొడవ మనకెందుకండీ?" అని. పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఆ మాట సబబుగానే తోస్తుంది. ఒక్కరోజు ఆ పడవలో కూర్చుని వచ్చినవాడికి అలా తోచదు. మొన్న నేను వెళ్లివచ్చాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఒక పల్లె. తెల్లవారుజామున మూడింటికి ఫైబరు తెప్ప తోశాం. తెప్ప గల పెద్దాయన, ఆయన కొడుకు, ఇంకో కూలీ, నేను. ఆ కూలీ పుట్టు మత్స్యకారుడు కాదు. పదిహేనేళ్ల క్రితం దాకా వరి నాట్లు వేసి, కోతలు కోసి బతికినవాడు. అతను పనిచేసే పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. ఎకరం వరికి ఊడ్పుల నుంచి నూర్పిళ్ల దాకా ఎందరికి పని ఉండేదో మన ఆడకూలీలను అడగండి. చెరువుకు కాపలా మనిషి ఒకడు చాలు. అలా పని పోయి సముద్రం దారి పట్టాడు. కనుక ఆ తెప్పలో మన సంఘం మనిషి అప్పటికే ఒకడున్నాడు.

ఆ రోజు వెతికిన చేప కోబియా. తమిళ మత్స్యకారులు దీన్ని కడల్ విరాల్ అంటారు, అంటే సముద్రపు కొర్రమేను. చూడటానికీ అలాగే ఉంటుంది. ముదురు గోధుమ రంగు ఒళ్లు, బల్లపరుపు తల, పక్కన తల నుంచి తోకదాకా నల్లని చార, వీపు మీద విడివిడిగా పొట్టి ముళ్లు. మనిషిని మించిన పొడవు పెరగగలదు. అరవై కిలోలు దాటినవీ దొరికాయి. ట్రాలు వలల్లోనూ పడుతుంది గానీ చిన్న తెప్ప వాడికి గాలమే ఆధారం.

ఈ చేపకో అలవాటుంది. నీడ కోరుకుంటుంది. తేలే దుంగ కింద, బోయా కింద, ఈదే తాబేలు పక్కన, టేకు చేప వెనకాల తిరుగుతుంది. అందుకని పెద్దాయన నీటిలోకి చూడటం కంటే నీటి మీద ఏం తేలుతున్నదో ఎక్కువ చూస్తాడు. ఎనిమిదింటి వేళ కొట్టుకొచ్చిన ఒక దుంగ కనిపించింది. దూరంగానే ఇంజను ఆపించాడు. బతికున్న కవళ్ల చేపను గాలానికి గుచ్చి, దుంగ పక్కకు పడేట్టు తంగూసు విసిరాడు. అయిదు నిమిషాలు కాకుండానే తాడు బుర్రుమని పరుగెత్తింది.

నేను ఆత్రంగా లేచి, "లాగుదాం బాబాయ్" అన్నాను.

"కూర్చో అబ్బాయ్! ప్రాణంతో తెప్పలోకొచ్చిందంటే మన కాళ్లు విరుస్తాది. దాన్ని అలిసిపోనియ్యి" అన్నాడు. కొడుకు వైపు తిరిగి, "రెండో గాలం సిద్ధం చెయ్యరా. తోడుది ఎనకాలే వస్తాది" అన్నాడు.

నిజంగానే వచ్చింది. ఒకటి గాలానికి పడితే దాని జతది వదలకుండా చుట్టూ తిరుగుతుందట. మొదటిదాన్ని నీళ్లలోనే ఉంచి రెండోదానికి ఎర చూపాలి. అరగంట పెనుగులాట. చివరికి కొక్కెంతో పైకి తీసి, దుడ్డుకర్రతో తల మీద ఒక్కటి వేశారు. రెండూ కలిసి ముప్ఫై కిలోలు తూగుతాయని వాళ్ల అంచనా. పెద్దాయన అరచేతిలో తంగూసు కోసిన గాటు నుంచి నెత్తురు కారుతోంది. ఉప్పునీళ్లలో ముంచి తువ్వాలు చుట్టుకున్నాడు. ఈ విద్య ఏ కాలేజీలో నేర్పుతారు? ఇది తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు దిగిన చదువు.

ఇక ఒడ్డు మీద జరిగింది వినండి.

ఒడ్డున వేలంపాట సాగుతోంది. తక్కినవాళ్ల చేపలకు పాట పాడుతున్నారు. మా తెప్ప చేపలు మాత్రం పాటకు వెళ్లలేదు. ఒక వ్యాపారి మనిషి వచ్చి, కాటా వేసి, ధర తనే చెప్పి, పుస్తకంలో రాసుకుని పట్టుకుపోయాడు. తూకంలో రెండు కిలోలు తరుగు కింద పోయింది. ఐసు ఖర్చు, కమీషను ఆపైన. తెప్పకు ఇంజను కొన్నప్పుడు డబ్బు ఆ వ్యాపారే సర్దాడట. వడ్డీ లేదట! "పట్టిన చేప నాకే వెయ్యాలి" అన్నదొక్కటే షరతు. వడ్డీ ఎక్కడికీ పోలేదు మిత్రులారా, అది ధరలో దాక్కుంది.

"పాటలో ఎంత పలికేదో నీకు తెలుసు గదా బాబాయ్?" అన్నాను.

"తెలుసబ్బాయ్. తెలిసేం లాభం? ఇంజను ఆయనది" అన్నాడు.

తర్వాత వాటాలు పంచారు. ఆయిలు ఖర్చు తీసి, తెప్పకు సగం, మనుషులకు సగం. తెప్ప సగం అప్పు కిందకే పోయింది. కూలీ చేతికి ఎంత వచ్చిందో యజమాని చేతికీ అంతే వచ్చింది. ఎరువుకు అప్పిచ్చిన షావుకారుకే కళ్లంలో ధాన్యం కొలిచే కౌలురైతుకూ, ఈయనకూ తేడా ఏముందో మీరే చెప్పండి.

దీని పైన సర్కారు లెక్కలు. 1994లో చేసిన ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదు. ఆ నీళ్లు సంప్రదాయ మత్స్యకారులవి. రాత్రిపూట ఆ గీత దాటి వచ్చే ట్రాలర్ల దీపాలు ఒడ్డునున్న పిల్లలకు కూడా కనిపిస్తాయి. అధికారులకే కనపడవు. ఆఖరికి తగువు ఎవరి మధ్య వస్తోంది? 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద పల్లెకూ పల్లెకూ కొట్లాటయి పడవలు తగలబడ్డాయి. బీదవాళ్లు బీదవాళ్ల పడవలు కాల్చుకున్నారు.

2019 నవంబరులో ఆయిలు సబ్సిడీ లీటరుకు 9 రూపాయలు చేశారు. మంచిదే. దానికి పెట్టిన పరిమితి మరపడవకు నెలకు 3,000 లీటర్లు, మోటారు తెప్పకు 300 లీటర్లు. పెద్ద ఇంజను ఎక్కువ తాగుతుంది, ఒప్పుకుంటాం. కాని దుంగ వెతుక్కుంటూ పొద్దంతా తిరిగే గాలం తెప్పకు రోజుకు పది లీటర్లతో గడుస్తుందా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలు చేశారు. అదీ మంచిదే. అయితే భృతి ఎంత పెంచినా వ్యాపారి పుస్తకంలో బాకీ అలాగే ఉన్నంతకాలం ఆ డబ్బు ఏ జేబులోకి చేరుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకొకటి వస్తోంది. 2010లో మండపంలోని ప్రభుత్వ శాస్త్రవేత్తలు మన దేశంలో మొదటిసారి కోబియాకు పిల్లలు పుట్టించారు. ఇప్పుడు సముద్రంలో పంజరాలు కట్టి పెంచవచ్చునంటున్నారు. శాస్త్రానికి మనం విరోధులం కాము. పంజరం ఎవరిది, మేత ఎవరిది, నీళ్లెవరివి అని మాత్రం ముందే అడగాలి. రొయ్యల చెరువులు వచ్చినప్పుడు మనం ఆ మాట అడగడంలో ఆలస్యం చేశాం. తీరం అంచున తవ్విన చెరువులను తీసెయ్యమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికే ఎన్నో పొలాలు ఉప్పుబారాయి. కూలీ పని పోయాక తీర్పు వచ్చి ఏం లాభం?

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. ఇంజనుకు, గాలాలకు, వలలకు సహకార సంఘం ద్వారా అప్పు ఇవ్వాలి. అప్పున్నా లేకపోయినా ప్రతి చేపా బహిరంగ పాటకు రావాలి, కాటా పంచాయతీ చేతిలో ఉండాలి. ఐసు పల్లెలోనే దొరకాలి. ఐసు లేని చేపకు బేరమాడే బలం ఉండదు. 8 కిలోమీటర్ల గీత కాగితం మీద కాక నీళ్ల మీద అమలు కావాలి. పంజరాలు పెట్టేటట్టయితే పల్లె సంఘాలకే ఇవ్వాలి.

ఇవి అడగడానికి తెప్పవాళ్లు ఒంటరిగా చాలరు. వాళ్లు నీళ్ల మీద ఉండగా ఒడ్డు మీద ఆఫీసుల ముందు కూర్చునేవాళ్లు కావాలి. అది మనకు తెలిసిన పని. వచ్చే మీటింగుకు ఆ పెద్దాయన్ను పిలిచాను. "నేనేం మాటాడతాను అబ్బాయ్?" అన్నాడు. "ఆ ముప్ఫై కిలోల లెక్క చెప్పు బాబాయ్, చాలు" అన్నాను. వస్తానన్నాడు. మన కూలీలందరూ ముందు వరసలో కూర్చుని వినాలి.