కొమ్మల కత్తి కొనేముందు మీ మణికట్టుని అడగండి

ఈమధ్య వీడియోల కింద ఎక్కువ మంది అడిగేది ఒకటే: "గ్లైరిసీడియా కొమ్మలు కొట్టడానికి ఏ కత్తి మంచిదన్నా? ఆన్‌లైన్‌లో అమ్మే పొడుగు మాచెట్ కొనమంటారా?" నా మాట సూటిగా చెప్పేస్తాను. మన కోనసీమ కొబ్బరి తోటకి ఆ పొడుగు కత్తి వద్దు. కొలిమిలో కొట్టించిన 12 అంగుళాల కత్తి చాలు.

మాచెట్ అనేది లాటిన్ అమెరికాలో చెరకు, గడ్డి, తుప్పలు కొట్టుకుంటూ పోవడానికి బాగా వాడే పనిముట్టు. రేకు పలచన, పొడుగు ఎక్కువ. చేయి బారుగా ఊపితేనే దానికి బలం. మన తోటలో కొబ్బరి కింద కోకో, అరటి, పోక, మానుకి పాకిన మిరియం. ఊపడానికి జాగా ఏదీ? దెబ్బ తప్పిందంటే కొబ్బరి మానుకే తగులుతుంది. కొబ్బరి మానుకి పడిన గాటు మళ్లీ పూడదు. ఆ పచ్చిగాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. లోపల తొలిచిన సంగతి బయటపడేసరికి చెట్టు చేయిదాటిపోతుంది. పచ్చి మట్ట కొట్టాల్సి వచ్చినా మాను దగ్గర నాలుగు అడుగుల మట్ట వదలమనేది ఇందుకే. రసాయనాలు ముట్టని మనకి గాయం పడకుండా చూసుకోవడమే మొదటి మందు.

నేను పెట్టుకున్న లెక్క ఇది. బొటనవేలి లావు వరకు సికేచర్. అక్కడి నుంచి మణికట్టు లావు వరకు కత్తి. ఆపైన రంపం. కోకోకి మాత్రం కత్తి తగలనివ్వొద్దు. కోకో పూత మాను మీద, కొమ్మల మీద ఉండే బుడిపెల్లోంచే మళ్లీ మళ్లీ వస్తుంది. కత్తి దెబ్బకి బుడిపె పోతే అక్కడ ఇక కాయ ఆశ లేదు. కాయ కోసినా, నీటి కొమ్మలు తీసినా సికేచరే.

కత్తి కొట్టించేటప్పుడు లారీ కమాను పట్టీతో చేయమనండి. మెత్తటి ఇనుముతో చేసినది చౌకగానే వస్తుంది గానీ పూట తిరక్కుండా మొద్దుబారుతుంది. తీసుకునే ముందు అంచు మీద ఆకురాయి రుద్ది చూడండి. వెన్నలా తినేస్తే మెత్తన. అసలు పట్టకుండా జారిపోతే మరీ పెళుసు, గట్టి కణుపు తగిలితే అంచు పెచ్చు ఊడుతుంది. కాస్త బిగువుగా పట్టాలి. కొస కొంచెం లోపలికి వంగి ఉంటే కొమ్మని దగ్గరికి లాక్కోవచ్చు. కత్తి తోక పిడి చివరిదాకా ఉండాలి.

పదును ఆకురాయితోనే పెట్టండి. గ్రైండర్ మీద అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు చేవ పోయినట్టే. మన సముద్రపు గాలికి తుప్పు ఊరికే పడుతుంది, పని కాగానే తుడిచి చుక్క కొబ్బరినూనె రాయండి.

"ఆన్‌లైన్‌ది తక్కువకి వస్తుంది కదా" అంటారు. రావచ్చు. పిడి వదులైతే, అంచు విరిగితే దాన్ని సరిచేసేది ఎవరు? కొలిమి అయితే పక్క ఊళ్లోనే ఉంటుంది. మనం పని ఇస్తేనే అది అక్కడ ఉంటుంది కూడా.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆచ్ఛాదన గురించి, దశపర్ణి గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఆ కొమ్మ కొట్టేది, ఆకు దూసేది చాలా తోటల్లో ఆడవాళ్లే. కత్తి మాత్రం మగవాళ్ల చేతికి సరిపోయేది కొంటాం. పిడి లావు, బరువు ఎక్కువ. గంట తిరిగేసరికి మణికట్టు లాగేస్తుంది, రెండోవారం కొమ్మలు కొట్టడం మానేస్తారు, పాదుల్లో నేల బోడిగా ఎండకి మాడుతుంది. అప్పుడు పద్ధతి పనిచేయలేదని అంటాం!

అందుకే కత్తి కొట్టించే రోజున, దాన్ని పట్టుకునే మనిషినే కొలిమికి తీసుకెళ్లండి. పిడి ఆమె గుప్పిట్లో ఇమడాలి. గ్లైరిసీడియాని నడుము ఎత్తున, కింద నుంచి పైకి ఏటవాలుగా ఒక్క దెబ్బ వేయాలి. అలా కొడితే మోడు చీలదు, చినుకు నిలవదు, చిగురు తొందరగా వస్తుంది. మోడు చీలకుండా అలా తెగిందంటే కత్తి సరిపోయినట్టే.